బేరమూ భక్తీ

టూరువాళ్ళ వెంట జపాన్ వెళ్ళామనుకోండి. క్యోటోలో ర్యోవాన్‌జీ అనే గుడితోట చూపిస్తారు. గులకరాళ్ళ మధ్య 15 బండలు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా చాటునే ఉంటుంది. గైడు ఆ మాట అనగానే అందరం లెక్కపెట్టడం మొదలెడతాం. ఇంతలో బస్సు వేళవుతుంది. ధ్యానం అంతటితో సరి!

ఆ తర్వాత బట్టల దుకాణం. అక్కడ కసూరి ఉంటుంది. మెంతికూర కాదు లెండి, నేతగుడ్డ. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. అచ్చం మన పోచంపల్లి పద్ధతే. పోగు కాస్త జరిగినా పువ్వు చెదిరిపోతుందని గైడు చెబుతుంటే కళ్ళు విప్పార్చుకుని వింటాం. చీటీ మీద ఎంతుంటే అంతా ఇచ్చి, వంగి దణ్ణం కూడా పెట్టి వస్తాం.

మన కొత్తగూడ పక్కనే, మాదాపూర్‌లో, 1992 నుంచీ శిల్పారామం ఉంది. అక్కడ పోచంపల్లి చీర చేతికందగానే "సగానికిస్తావా?" అంటాం. ఇవ్వనంటే నాలుగడుగులు వేసి, పిలుస్తాడేమోనని వెనక్కి చూస్తాం.

బేరం తప్పని నేననను. దానికని ధర పెంచి చెప్పేవాళ్ళూ ఉన్నారు, అమ్మేవాళ్ళంతా నేసినవాళ్ళూ కారు. కాని ఏసీ షాపులో చీటీ చూసి నోరెత్తని మనం, మగ్గం మీంచి లేచొచ్చిన మనిషి దగ్గరే ఎందుకంత గట్టిగా మాట్లాడతాం? కట్టు కట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఆయన్నడిగితే చెబుతాడు. అడిగామా?