మందు మంచిదైతే చాలునా?

మందుల విషయంలో మన చదువుకున్నవారు తరచుగా చేసే వాదన ఒకటి వున్నది. మందు మంచిది, శాస్త్రజ్ఞులు పరీక్షించారు, ప్రాణాలు నిలుపుతుంది. అటువంటప్పుడు పుచ్చుకునేవాడికి దాని సంగతి తెలిసిందా లేదా, వాడు సరేనన్నాడా లేదా అనే విచికిత్స దేనికి? పసిపిల్లవాడికి ఆముదం పట్టేటప్పుడు తల్లి వాడి సమ్మతి అడుగుతుందా?

ఈ ఆముదం ఉపమానం మన దేశంలో చాలా దూరం ప్రయాణం చేసింది. తల్లి స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. పసివాడి స్థానంలోకి ప్రజలు వచ్చారు. అందులోనూ అడవి ప్రాంతాల ప్రజలైతే మరీ పసివాళ్ళు! కాని ఆముదం పట్టిన తల్లి ఆ రాత్రి పిల్లవాడిని ఒళ్ళో వేసుకుని మేలుకుంటుంది. వికటిస్తే తెల్లవారేలోగా ఆమెకు తెలుస్తుంది. ఆ బాధలో ఆమెకు భాగం వున్నది. ఉపమానం వాడేవారు ఆముదాన్ని తీసుకున్నారు గాని, ఆ మేలుకోవడాన్ని తీసుకోలేదు.

గోదావరికి ఈ వొడ్డున సారపాకలోనూ, ఆ వొడ్డున భద్రాచలంలోనూ వుండేవారికి ఇది తర్కశాస్త్రంలోని ప్రశ్న కాదు. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, పది నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య వయసున్న బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సరుకు కారణమైన వైరస్‌ను అరికట్టే టీకా అది. మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డసిల్. మూడు మోతాదులు. 'పాత్' అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషనుది. సుమారు పధ్నాలుగు వేల మంది ఆడపిల్లలకు ఈ టీకా పడింది. వారిలో చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల్లోనూ హాస్టళ్ళలోనూ వుండి చదువుకునేవారు. ఇటువంటి పనే మరొక కంపెనీ టీకాతో గుజరాత్‌లోని వడోదరలో జరిగింది. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా బృందం భద్రాచలం వచ్చి విచారించింది. పిల్లల మరణాల సంగతి బయటికి పొక్కింది. ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని ఆపివేయించింది.

ఆ పనికి పెట్టిన పేరులోనే తిరకాసు వున్నది. ఒకచోట అది 'నమూనా ప్రదర్శన పథకం', మరొకచోట 'పరిశీలనాత్మక అధ్యయనం'. మాటల బేరీజు నా వృత్తి కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. ప్రయోగమని ఒప్పుకుంటే మనుషులపై ప్రయోగాలకు వున్న నియమాలన్నీ వర్తించాలి: లిఖిత సమ్మతి, బీమా, నష్టపరిహారం, ప్రతి అనారోగ్యాన్నీ నమోదు చేయడం. ప్రయోగం కాదు, ప్రజారోగ్య కార్యక్రమమే అంటే, టీకా వేసిన తరువాత వచ్చే ఉపద్రవాలను కనిపెట్టి చూసే యంత్రాంగం వుండాలి. రెండు పేర్ల మధ్య సందులోంచి రెండు బాధ్యతలూ జారిపోయాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో అడిగిన ప్రశ్నల సారాంశం ఇదే. ఆ సంఘం ఇంకా ముందుకు పోయి, ఇదంతా కంపెనీల వ్యాపారప్రయోజనం కోసం జరిగిందని తేల్చింది. పాత్ సంస్థ ఆ మాట కాదన్నది.

ఇక సమ్మతి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలనకు వచ్చిన పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. అంటే నాలుగో వంతుకు పైగా పిల్లల విషయంలో తల్లినిగాని తండ్రినిగాని అడిగినవారు లేరు. రాష్ట్ర అధికారుల అనుమతితోనే ఇలా జరిగింది కాబట్టి, ఎవరో వార్డెను చేసిన తొందరపాటుగా దీన్ని తీసివేయడానికి వీలులేదు.

ఆ వార్డెను ఎవరు? పిల్లకు అన్నం పెట్టించేది ఆయన. సబ్బు, నూనె, పుస్తకాలు ఇచ్చేది ఆయన. పండక్కి ఇంటికి పంపాలన్నా ఆయనే పంపాలి. పన్నెండేళ్ళ కోయపిల్ల ఆయన ఎదుట "నాకీ సూది వద్దు సార్" అనగలదా? తల్లిదండ్రులు ముప్పై మైళ్ళ అవతల గూడెంలో వుంటారు. పోడు పనిలోనో, ఆకు కోతలోనో వుంటారు. కబురు పంపితే రెండురోజుల్లో వస్తారు. ఆ రెండురోజుల వ్యవధి ఇవ్వడానికి కార్యక్రమానికి తీరిక లేకపోయింది. చదువు కోసం బిడ్డను అప్పగించినవాడు బిడ్డ శరీరాన్ని కూడా అప్పగించినట్లేనని ఆ సంతకం అర్థం. పట్టణంలో ఖరీదైన స్కూలు హాస్టలులో ప్రిన్సిపాలు ఇటువంటి సంతకం చేస్తాడా? ఒకవేళ చేస్తే మర్నాడు ఆయన గది ముందు ఎన్ని కార్లు ఆగుతాయి?

వేలిముద్రల సంగతి ఇంతకంటె పాతది. ఏజెన్సీలో వేలిముద్ర అంటే షావుకారు ప్రోనోటు, భూమి పోయిన కాగితం. వేలు పట్టుకుని సిరాలో అద్దినవాడు చదివి వినిపించాడా లేదా అన్నది ముద్రలో కనిపించదు. వినిపించినా ఏ భాషలో? కోయవారి ఇంటిభాష కోయ. తెలుగులో రాసిన పత్రమైనా వారికి రెండోభాష పత్రమే. సారపాక కాగితం తయారయ్యే ఊరు. మా మిల్లులో 1979 నుంచి అట్టలూ కాగితాలూ తయారవుతున్నాయి. కాగితానికి మా దగ్గర కొరత లేదు!

ఇప్పుడు మరణాల మాట. రెండు రాష్ట్రాలలోనూ కలిపి, టీకా వేయించుకున్నవారిలో ఏడుగురు బాలికలు చనిపోయారు. పాముకాటు, పురుగుమందు, నీళ్ళలో మునగడం, మలేరియా, జ్వరం—ఇవీ చెప్పిన కారణాలు. టీకాకూ ఈ మరణాలకూ సంబంధం వుండకపోవచ్చునని కేంద్రం నియమించిన విచారణ సంఘం అభిప్రాయపడింది. నా మట్టుకు నాకు ఆ అభిప్రాయం సరైనదేననిపిస్తుంది. పాముకాటుకు టీకా కారణమని ఎవరూ అనరు. మా ప్రాంతంలో మలేరియాతో పిల్లలు చనిపోవడానికి టీకా అవసరం లేదన్నది ఇంకా విషాదకరమైన నిజం.

అయితే ఆ అభిప్రాయాన్ని గూడెం ఎందుకు నమ్మలేదు? అజ్ఞానం వల్లనని మన చదువుకున్న మిత్రుడు వెంటనే జవాబు చెబుతాడు. నేనలా అనుకోను. ఒక మందు నిర్దోషి అని చెప్పాలంటే సాక్ష్యం కావాలి. టీకా వేసిన రోజు నుంచి పిల్ల ఒంట్లో ఏం జరిగిందో ఎవరో చూసి రాసి వుండాలి. ఎవరు చూడాలి? తల్లి చూడాలి. ఆ తల్లికి తన బిడ్డకు ఏ సూది పడిందో, దేనికి పడిందో, ఏ లక్షణం కనబడితే ఎవరితో చెప్పాలో తెలియకపోతే ఆమె దేన్ని చూస్తుంది, ఎవరికి చెబుతుంది? సమ్మతిని తప్పించినవారు హక్కును తీసివేయడంతో ఆగలేదు, సాక్షిని కూడా తీసివేశారు. తరువాత, సాక్ష్యం లేదు కనుక దోషమూ లేదన్నారు. న్యాయస్థానంలో ఇటువంటి వాదన చేసే ప్లీడరును మనం ఏమంటామో పాఠకులకు చెప్పనక్కరలేదు.

సమ్మతి అనేది మర్యాద కోసం చేసే తంతు అనీ, శాస్త్రం దాని దారిన అది నడుస్తుందనీ అనుకోవడమే మూలంలో వున్న పొరపాటు. ఔషధశాస్త్ర చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణీస్త్రీలు వేవిళ్ళకు వాడారు. 1961 చివర దాన్ని వెనక్కి తీసుకునేలోగా ప్రపంచంలో వేలాది బిడ్డలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి దాని అమ్మకానికి అనుమతి ఇవ్వలేదని అందరూ చెప్పుకుంటారు. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి వున్నది. అనుమతి రాకముందే పరిశోధన పేరుతో కంపెనీ ఆ మాత్రలను వైద్యులకు పంచింది; వారు వేలమంది రోగులకు ఇచ్చారు. ఇది ఇంకా పరీక్షలో వున్న మందు అని చాలామందికి చెప్పలేదు. ప్రమాదం తెలిసిన తరువాత ఎవరెవరు మింగారో వెతకబోతే చాలాచోట్ల లెక్కలే లేవు. ఏం మింగిందో తెలియని స్త్రీ తనంతట తానుగా వచ్చి ఎలా చెబుతుంది? 1962లో ఆ దేశం చట్టం మార్చి, పరీక్షలో వున్న మందు ఇచ్చేటప్పుడు రోగి సమ్మతి తీసుకోవాలన్న నియమం పెట్టింది. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చింది. ఈ నియమాలు తత్త్వవేత్తల ఆలోచనలోంచి ఊడిపడినవి కావు.

మన ఇంటి ఉదాహరణ కూడా ఒకటి వున్నది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పనిచేస్తూ, బోదకాలుకు మందు కనిపెట్టిన బృందాన్ని నడిపించారు. అదే డైఇథైల్‌కార్బమజైన్, 1947 నాటిది. నేటికీ బోదకాలు నివారణ కోసం ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రలలో అది వున్నది. దాన్ని మింగిన కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. కారణం? ఒంట్లో వున్న సూక్ష్మక్రిములు చస్తున్నాయి. అంటే ఆ జ్వరం మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఈ ఒక్కముక్క ముందుగా చెబితే, ఆ మనిషి ఓ రోజు ఓర్చుకుని మరుసటి ఏడు మళ్ళీ మింగుతాడు. చెప్పకపోతే? మంచి ఒంటికి జ్వరం తెచ్చిన మాత్ర అది. వచ్చే ఏడు చేతిలో పుచ్చుకుని, కార్యకర్త గుమ్మం దాటగానే పెరట్లో పారవేస్తాడు. మందు అదే, మోతాదు అదే. తేడా మాటలో వున్నది. మాట కూడా మందులో భాగమేనని ఔషధశాస్త్రం లెక్క వేసుకోవాలి.

నా వాదన విని కొందరు అభ్యుదయ మిత్రులు సంతోషిస్తారని నాకు తెలుసు. వారి సంతోషంలో నేను పాలు పంచుకోలేను. టీకాయే కుట్ర అనీ, సామ్రాజ్యవాదుల విషమనీ చెప్పేవారితో నాకు పేచీ వున్నది. ఆ క్యాన్సరులో దాదాపు నూటికి డెబ్బైకి కారణం ఆ వైరస్‌లోని 16, 18 రకాలు. ఆ సంబంధాన్ని నిరూపించిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ క్యాన్సరుతో చనిపోయేది ఎవరు? ఎక్కువగా పరీక్షలకు నోచుకోని పేదస్త్రీలు. వ్యాపారి చేతిలో వున్నంత మాత్రాన వస్తువు అబద్ధం కాదు.

విచిత్రమేమిటంటే, ఖమ్మం గొడవ కారణంగా అదే 2010 ఏప్రిల్‌లో దేశంలో మరొకచోట్ల జరుగుతున్న ఇంకొక అధ్యయనంలో కూడా టీకాలు ఆగిపోయాయి. అందులో రెండు మోతాదులు చాలునా, మూడు కావాలా అని చూస్తున్నారు. మధ్యలో ఆగినందువల్ల కొన్నివేలమంది బాలికలకు ఒక్క మోతాదే పడింది. వారిని ఏళ్ళతరబడి పరిశీలిస్తే ఒక్క మోతాదు కూడా చాలావరకు రక్షణ ఇస్తున్నదని తేలింది. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు సరిపోవచ్చునని ఒప్పుకున్న సాక్ష్యాలలో ఇదొకటి.

"చూశారా, మందు మంచిదేనని తేలింది, ఇంకెందుకు రాద్ధాంతం" అంటారా? ఆ బాలికలు ఎవరో, ఏ తారీఖున ఎన్ని మోతాదులు పడ్డాయో రాసి, పదేళ్ళకు పైగా వారిని వెతికి పలకరించారు కాబట్టే ఆ నిజం తేలింది. ఇక ఖమ్మంలో జరిగినదాని ఫలితం చూడండి. అనుమానం దేశమంతా పాకింది. టీకా దేశవ్యాప్త కార్యక్రమంలోకి రాకుండా పన్నెండేళ్ళకు పైగా గడిచాయి. సిక్కిం వంటి చిన్న రాష్ట్రం 2018లో తనంతట తాను మొదలుపెట్టింది. ఆలస్యానికి ధర మొదలైన ఇతర కారణాలూ వున్నాయి. కాని రెండురోజుల వ్యవధి మిగుల్చుకోబోయి పన్నెండేళ్ళు పోగొట్టుకున్న లెక్కలో ఖమ్మం వాటా చిన్నది కాదు.

చట్టం కొంత కదిలింది. 2013లో సుప్రీంకోర్టు జోక్యం తరువాత, ప్రయోగాలలో సమ్మతి తీసుకునే తీరును దృశ్యశ్రవణ యంత్రాలతో రికార్డు చేయాలన్నారు. 2019 నియమావళిలో నష్టపరిహారం సంగతి స్పష్టం చేశారు. పార్లమెంటు సంఘం నివేదికను న్యాయస్థానం చూడవచ్చునా అన్న వివాదం ఖమ్మం కేసులోంచే పుట్టి రాజ్యాంగ ధర్మాసనం దాకా పోయింది. చూడవచ్చునని 2018లో తీర్పు వచ్చింది. ఇవన్నీ ప్రయోగశాల గడపకు అవతల పనికివచ్చేవి. గడపకు ఇవతల, రోజూ మింగే మందుల సంగతి?

మా ప్రాంతంలో రోగి ముందుగా పోయేది ఆర్.ఎం.పి. దగ్గరికి. అక్కడ ఒక సూది, నాలుగు రంగుల మాత్రలు పొట్లం కట్టి ఇస్తారు. అందులో నొప్పులమాత్ర వున్నదో, స్టెరాయిడు వున్నదో పొట్లం చెప్పదు. మందులషాపులో కొన్నా అట్ట మీద రాత ఇంగ్లీషు. 2010లోనే, అంటే ఖమ్మం పని ఆగిపోయిన సంవత్సరమే, మందుల దుష్ఫలితాలను కనిపెట్టడానికి దేశంలో ఒక జాతీయ కార్యక్రమం మొదలయింది. రోగి తానే నింపి పంపడానికి తెలుగులో ఫారం కూడా వున్నది. తన పొట్లంలో వున్న మందు పేరే తెలియనివాడు ఆ ఫారంలో ఏ పేరు రాస్తాడు?

ప్రైమాక్విన్ సంగతి తీసుకోండి. వైవాక్స్ మలేరియా క్రిములు కాలేయంలో దాగి మళ్ళీ మళ్ళీ లేస్తాయి. వాటిని చంపడానికి ఈ మాత్రను పధ్నాలుగు రోజులు వేస్తారు. మలేరియా తరతరాలుగా వున్న ప్రాంతాల ప్రజలలో కొందరికి రక్తకణాలలో జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. అటువంటి మనిషికి ఈ మాత్ర పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లగా వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. ముందుగా రక్తపరీక్ష చేయడం ఉత్తమం. పరీక్ష అందని గూడెంలో మిగిలే ఆధారం ఒకటే. "మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి వెంటనే రండి" అని మాత్ర చేతిలో పెట్టేటప్పుడు చెప్పాలి. కోయలో చెప్పాలి, అర్థమైందా అని తిరిగి చెప్పించుకోవాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. ఆశా కార్యకర్త రోజుపనిలో ఆ రెండు నిమిషాలను ఎవరు లెక్కగట్టారు? ఏ పద్దు కింద జీతం ఇస్తున్నారు?