మౌనం ఎప్పుడు సాక్ష్యమవుతుంది?

నందివాడ ప్రాంతపు చేపల చెరువులకు తెల్లవారుజామే గండం. చీకటి పడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తుంది. చేపలూ, నాచూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ మాత్రం రాత్రంతా దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. పొద్దు పొడిచే వేళకు నీటిలో అది బాగా తగ్గిపోతుంది. మరీ తగ్గితే బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. నీటిలో ఒక సెన్సర్, గట్టున మైక్రోకంట్రోలర్, ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కు హెచ్చరిక అనే ఏర్పాటు ఉందనుకుందాం. ఒక రాత్రి ఫోన్ మోగలేదు. చెరువు క్షేమమని రైతుకు తెలిసినట్టా, ఏమీ తెలియనట్టా?

లేనిదాన్ని లేదని ఎలా తెలుసుకుంటామన్న ప్రశ్న మన దర్శనాల్లో చాలా పాతది. కుమారిల భట్టు మార్గంలోని మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, విడిగా ఒక ప్రమాణంగా (తెలుసుకునే సాధనంగా) లెక్కించారు. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఒప్పుకోలేదు. వారిలో ఒకడైన 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుపలబ్ధిని చేర్చకుండా నాలుగే ప్రమాణాలు చెప్పాడు. దానికి తానే రాసిన దీపికలో వివరణ ఇచ్చాడు: ఇక్కడ కుండ ఉండి ఉంటే నేల కనబడినట్టే అదీ కనబడేది; కనబడలేదు గనుక లేదు. ఆ లేమిని పట్టేది కన్నే, కనబడకపోవడం దానికి తోడు మాత్రమే. పక్షాలు వేరైనా షరతు ఒకటే. ఉంటే కనబడి తీరాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనలేం.

ఈ షరతు మీదే నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడి పక్షాన వాదించాడు. కంటికి అందే స్వభావమే లేనివాడు కనబడలేదంటే, లేడనడానికి అది రుజువు కాదన్నాడు. ఈశ్వరుణ్ణి ఒప్పుకోని బౌద్ధుడు ధర్మకీర్తి అంతకు చాలా ముందే, ఇంద్రియాలకు అందని వస్తువు కనబడకపోతే మిగిలేది సంశయమేనన్నాడు. దేవుడి విషయంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ ఈ మెట్టు దగ్గర కలిశారు.

చెరువు గట్టున సెన్సర్‌ను మైక్రోకంట్రోలర్‌కు కలిపే సీరియల్ తీగ మీద ఈ తర్కాన్ని చేత్తో పరీక్షించవచ్చు. బిట్లను ఒకదాని వెనుక ఒకటి పంపే ఈ యూఆర్ట్ లైను ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజి ఎగువ స్థాయిలో ఉంటుంది. స్టార్ట్ బిట్‌తో అది కిందికి దిగాకే డేటా మొదలవుతుంది. 9600 బాడ్‌లో, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక్కో బిట్‌కు సుమారు 104 మైక్రోసెకన్లు. తీగ తెగినా, రిసీవర్ వైపు వోల్టేజిని పైకి లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్ ఉంటే లైను ఎగువనే నిలుస్తుంది. చెప్పడానికేమీ లేని సెన్సరూ, తెగిన తీగా మైక్రోకంట్రోలర్‌కు ఒకేలా కనబడతాయి. పాత టెలిప్రింటర్ లూపులో అలా కాదు. సందేశం లేనప్పుడు కూడా కరెంటు పారుతూనే ఉండేది. తీగ తెగితే యంత్రం ఊరికే కొట్టుకుంటూ ఆ సంగతి తెలియజేసేది.

కాబట్టి మౌనాన్ని నమ్మే ముందు వినేవాణ్ణి పరీక్షించాలి. సెన్సర్ తీగలు విప్పి, బోర్డు టీఎక్స్‌ను (పంపే పిన్ను) దాని ఆర్‌ఎక్స్‌కే (వినే పిన్నుకే) కలిపి ఒక అక్షరం పంపాలి. తిరిగొస్తే బోర్డు తన మాట తాను వింటోందని తేలింది, అంతే. పంపడానికీ వినడానికీ గడియారం ఒకటే గనుక బాడ్ రేటు తప్పు పెట్టినా ఈ పరీక్ష నెగ్గుతుంది. తర్వాత టీఎక్స్ అవతలి ఆర్‌ఎక్స్‌కే చేరిందా, గ్రౌండ్ ఉమ్మడిగా ఉందా, రెండు వైపులా బాడ్ ఒకటేనా చూడాలి. తెరమీద పిచ్చి అక్షరాలు వచ్చినా మేలే. తీగలో ఏదో కదలిక ఉందని, వేగం దగ్గర వెతకాలని అవి చెబుతాయి.

1979లో మోడికాన్ సంస్థ తెచ్చిన మోడ్‌బస్ అనే సందేశ పద్ధతిలో సెన్సర్ తనంతట తాను మాట్లాడదు. కంట్రోలర్ అడుగుతుంది; గడువులోగా జవాబు రాకపోతే దాన్ని లోపంగా లెక్కిస్తుంది. ఈ పద్ధతి ఫోన్ దాకా సాగాలి. ప్రమాదం వస్తేనే మోగే ఏర్పాటు రైతు మీద రుజువులేని నమ్మకాన్ని మోపుతుంది. బాగున్నప్పుడూ అంకెలు వస్తూ ఉండాలి; అవి ఆగితే మోగే బాధ్యత ఫోన్ వైపునే ఉండాలి, ఆగిపోయిన బోర్డు ఆ సంగతి చెప్పలేదు గనుక. అప్పుడు కూడా ఒక సందేహం తీరదు. సెన్సర్‌కు పాచి పడితే తప్పు అంకె కూడా వేళకే వస్తుంది. చెప్పేది నమ్మదగినదేనా అన్నది శబ్ద ప్రమాణానికి, అంటే నమ్మదగిన మాటకు, సంబంధించిన వేరే ప్రశ్న. దానికి సెన్సర్‌ను తుడిచి, మరో మీటరుతో అప్పుడప్పుడూ సరిచూడాలి.