తల్లిని చూపించని బేరం

ఎమ్మిగనూరులో జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. జాతరతో పాటే ఎద్దుల బజారు కూడుతుంది. ఆ బజారులో ఒక ముసలాయనకు పెద్ద పేరుండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు జత కొనాలన్నా ఆయనను వెంటబెట్టుకుని పోయేవారు. ఆయన ముందు ఎద్దును చూసేవాడు కాదు, ఎద్దు పగ్గం పట్టుకున్న మనిషిని చూసేవాడు. ఆ తర్వాతే ఎడమచేత్తో మూతి పట్టి, కుడి బొటనవేలితో కింది పెదవి జార్చి, పళ్ళు లెక్కపెట్టేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా, నోరు కూడిందా! పశువుకు పైదవడ ముందుభాగంలో పళ్ళుండవు, కింది ఎనిమిదే దాని వయసు చెబుతాయి. కొమ్ములు గీకి, నూనె పట్టించి, ముసలి ఎద్దును కోడె కింద అంటగట్టాలని చూసినవాళ్ళు ఆయన బొటనవేలికి దొరికిపోయేవాళ్ళు.

ఆయన మనవడు ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర పనిచేసేవాడు. మార్కెట్ యార్డులో కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికెడు పత్తి లాగి, తేమ ఏపాటిదో వేళ్ళతోనే చెప్పేవాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పింజను సాగదీసి పొడవు చూసేవాడు. పైన తెల్లగా మెరిసి లోపల నీళ్ళు చల్లిన పత్తి అతన్ని దాటి పోయేది కాదు.

ఇంటికాడ గొర్రెలున్నాయి. రాత్రిళ్ళు దొంగల భయం. దొడ్డికి ఒక ముధోల్ జాతి కుక్క ఉంటే బాగుంటుందని మనవడికి చాలా రోజులుగా ఆశ. ఒకరోజు ఫోనులో బొమ్మ కనబడింది. పొడుగు మూతి, సన్న నడుము ఉన్న కుక్క, దాని పక్కన ముద్దులొలికే కూన. అసలైన జాతి, నలభై ఐదు రోజుల కూన, కాగితాలున్నాయి అని రాసుంది. మాట్లాడితే అవతలి మనిషి గొంతు తేనెలాగా ఉంది. "మీరు ఇంత దూరం రావద్దు సార్, ఆదివారం మేమే ఆదోని బస్టాండుకు తెస్తాం. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సగం డబ్బు ఇప్పుడే పంపితే మీ పేరు మీద పెడతాం" అన్నాడు. పత్తి కుప్ప అడుగు చూడందే పైసా చెప్పని మనవడు మారుమాట లేకుండా సగం పంపేశాడు.

ఆదివారం తాత కూడా వెంట వచ్చాడు. బస్టాండు గోడవార ఒక అట్టపెట్టె, దాంట్లో కూన. ముసలాయన గొంతుక్కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళ అలవాటుగా బొటనవేలితో పెదవి ఎత్తాడు. ముందుపళ్ళు ఇప్పుడిప్పుడే చిగురు పొడుస్తున్నాయి. వెనక చిగుళ్ళు బోసిగా ఉన్నాయి.

"నలభై ఐదు రోజులంటివే, నెల కూడా నిండలేదు గదప్పా! ఇది ఇంకా తల్లిపాలు తాగే కూన. తల్లి యాడుంది?"

"తల్లి బళ్ళారిలో ఉంది తాతా. ఇదిగో, నిన్న తీసిన ఫోటో చూడండి."

ముసలాయన ఫోనును ఎండకు చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "పాలిచ్చే కుక్కకు రొమ్ములు వేలాడుతుంటాయి నాయనా. దీని కడుపు వీపుకు అంటుకుని ఉంది. ఇది ఈ మధ్యన ఈనింది కాదు."

అమ్మకందారు తేనె గొంతు మారిపోయింది. కొంటే కొనండి, లేకుంటే వదిలేయండి, ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాదన్నాడు. కూన అప్పటికే మనవడి వేలు చీకుతోంది. వాడికి వదిలి రావడానికి మనసొప్పలేదు. తాత మాత్రం లేచి నిలబడ్డాడు. "పోయిన సగం పోనీరా. మిగిలిన సగం కూడా పోగొట్టుకోవాల్నా?"

మరుసటి వారం తాత వాణ్ణి ఎమ్మిగనూరు అవతల ఒక గొర్రెల కాపరి దగ్గరికి తీసుకుపోయాడు. దొడ్డిలో అడుగు పెట్టగానే తల్లికుక్క లేచి గుర్రుమంది. దాని పొట్ట కింద నుంచి కూనలు జారిపడ్డాయి. కాపరి ధర ఎత్తలేదు. "పగలు ఇంట్లో ఎవరుంటారు? గొలుసు వేస్తారా, వదులుతారా? ఇంట్లో చిన్నపిల్లలున్నారా? దీనికి పెట్టేదేమి?" అని అడుగుతూనే ఉన్నాడు. మనవడికి చిర్రెత్తుకొచ్చింది.

"డబ్బులిచ్చేది నేను. నన్ను ఇన్ని అడుగుతావేమి పెద్దనాయనా?"

"డబ్బుదేముందప్పా, యాడైనా పుడుతుంది. కూనను కానిచోట ఇస్తే మళ్ళా తెచ్చుకోలేను. ఇంకా పాలు మరవలేదు, నెలన్నర పోయినాక రా. అంతలోపల నేనే ఒకసారి మీ దొడ్డి చూసి పోతా." బయానా ఇవ్వబోతే తీసుకోలేదు.

దారిలో మనవడు గొణిగాడు. "ఏమి తాతా, ఈయన కుక్కను అమ్మేవాడా, బిడ్డ పెళ్ళికి సంబంధం చూసేవాడా?"

"ఎద్దు దగ్గరికి పోయి ముందు మనిషిని ఎందుకు చూస్తానో నువ్వెప్పుడూ అడగలేదు" అన్నాడు తాత. "ఎద్దును సాకినోడు నా చేతిలో ముల్లుకర్ర ఎట్లుందో చూస్తాడు. పొడిచే మనిషినా, అదిలించే మనిషినా అని కనుక్కుంటాడు. ఎద్దును వదిలించుకోవాలనుకునేవాడు తువ్వాలు కింద బేరమాడే నా వేళ్ళను మాత్రమే చూస్తాడు, ధర ఎంత చెబుతానా అని. పళ్ళు చూడకముందే నాకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది."

బస్టాండు కూనను అదే రోజు ఇంకెవరో కొన్నారని తర్వాత తెలిసింది. నాలుగో రోజుకు వాంతులు, నెత్తుటి విరేచనాలు. ఆ ఫోను నంబరు మళ్ళీ పలకలేదు. కాపరి మాత్రం చెప్పినట్టే వచ్చాడు. దొడ్డి చూశాడు, మజ్జిగ తాగాడు, నెలన్నర గడిచాక కూనను ఇచ్చాడు.

నీతి: మనల్ని ఏమీ అడగకుండా అమ్మేవాడి దగ్గర ప్రాణమున్నదాన్ని కొనకూడదు.

పుట్టిన్నాటి నుంచి సాకినవాడికి ఆ కూన రేపు ఎక్కడ పడుకుంటుందో తెలుసుకోవాలని ఉంటుంది. ఎక్కడినుంచో తెచ్చి చేతులు మార్చేవాడికి ఆ ప్రశ్నే తోచదు. కథలో మోసగాడు చెప్పినవన్నీ, అంటే రావద్దు, తొందరపడండి, ముందే పంపండి అన్న మూడు మాటలూ, కొనేవాణ్ణి తల్లికుక్క దాకా రానివ్వకుండా ఆపడానికే. తల్లి దగ్గరికి పోతే ఏం కనిపిస్తుందోనన్నదే వాడి భయం.

కుక్కల విషయంలో తల్లిని చూడడం ఎందుకింత ముఖ్యమంటే, నెల రోజుల కూనలో జాతి లక్షణాలు పూర్తిగా బయటపడవు. ముధోల్ కుక్కకు పేరు తెచ్చిన సన్నని పొడుగు తల, లోతైన రొమ్ము, లోపలికి పోయిన పొట్ట ఎదిగాక గానీ స్పష్టంగా తెలియవు. ఆ వయసులో ఊరకుక్క కూనను పక్కన పెడితే చాలామంది తేడా పట్టలేరు. ఈ జాతికి పేరిచ్చిన ముధోల్, కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో ఉంది, మనకు మరీ దూరమేమీ కాదు. 2005లో తపాలా శాఖ ఈ జాతి బొమ్మతో స్టాంపు వేసింది. తర్వాత సైన్యం కూడా ఈ కూనలను తీసుకుని మీరట్‌లో శిక్షణ ఇచ్చింది. ఇంత పేరున్న జాతికి నకిలీ రాకుండా ఉండదు. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి శునక పరిశోధన కేంద్రం ఉంది. జాతి మీద పట్టుదల ఉన్నవాళ్ళు ఒక పూట ప్రయాణానికి వెనుకాడకుండా అక్కడ విచారించుకోవడం మేలు.

కూన వయసు విషయంలో చట్టం కూడా కాపరి పక్షానే ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. కాబట్టి నలభై ఐదు రోజుల కూన అని ఎవరైనా గొప్పగా చెబితే, నియమం తప్పానని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు.

ఇక కాగితాల సంగతి. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రంలో తల్లిదండ్రుల పేర్లుంటాయి, కూన చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ నంబరుంటుంది. ఆ నంబరు పదిహేను అంకెలు. స్కానర్‌తో చూస్తే కూనలోనూ అదే రావాలి. కాగితాలు తర్వాత పంపుతామంటే కాగితాలు లేవనే అనుకోండి. మన గొర్రెల కాపరుల దగ్గర ఇలాంటి పత్రం సాధారణంగా ఉండదు, నమోదూ ఉండదు. అది లోటే, కాదనను. అయినా తల్లినీ తోబుట్టువులనూ కళ్ళారా చూపించి, మన ఇంటి సంగతి అడిగే మనిషిని, బస్టాండులో పత్రం ఊపే మనిషి కంటే నేను ఎక్కువ నమ్ముతాను.

టీకా కార్డును మాత్రం ఎవరి దగ్గరైనా చూడాలి. టీకా సీసా మీద నుంచి తీసి అంటించిన చీటీ, దాని బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం ఉండాలి. కేవలం పెన్నుతో రాసిన తేదీ చాలదు. వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ సోకిన కూన మొదట్లో ఆడుతూ పాడుతూనే ఉంటుంది. చాలావరకు మూడు నుంచి ఏడు రోజుల్లో పడిపోతుంది. అమ్మేనాడు కూన గంతులేసింది కాబట్టి ఆరోగ్యంగా ఉందనుకోవడానికి లేదు. తెచ్చిన రోజే ఇంట్లో ముద్దు చేయకముందు పశువైద్యుడికి చూపించాలి. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయా, ఎముకలు తేలి పొట్ట మాత్రం ఉబ్బిందా అన్నది ఆయన చూడగానే చెబుతారు.

 

డబ్బు పంపాక మోసం తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగడానికి అంత వీలుంటుంది. కూన చేతికొచ్చాక మోసం బయటపడితే రసీదు, సందేశాలు, డాక్టరు రాసిచ్చిన చీటీ దాచుకుని 1915 వినియోగదారుల సహాయ నంబరుకు చెప్పొచ్చు, కర్నూలులోని వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది, అట్టపెట్టెలోని కూనను వదిలి లేచి రావడం. జాలితో కొంటే ఆ ఒక్కదాన్ని కాపాడామనిపిస్తుంది. కానీ ఎక్కడో చీకటి కొట్టంలో దాని తల్లి ఇంకో ఈతకు సిద్ధమయ్యేది ఆ డబ్బుతోనే. కొనకుండా, ఆ మనిషి ఫోను నంబరూ చోటూ రాసుకుని, పశుసంవర్ధక శాఖ వాళ్ళకూ పోలీసులకూ చెప్పండి. ఆ పెట్టెలో ఉన్న కూనకూ, దాని తల్లికీ ఎంతో కొంత మేలు జరిగే దారి అదొక్కటే.