ఊరి బండిని ఊళ్లోనే ఉంచు

అమ్మడూ,

బ్యాటరీ బండి కొనాలని చూస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. లైసెన్సు అక్కర్లేదట, రిజిస్ట్రేషన్ అక్కర్లేదట, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదట అని నువ్వు సంబరపడుతున్న సంగతీ చెప్పింది. వద్దనడానికి రాయడం లేదు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మేనమామ కరెంటు బండి వద్దంటే నలుగురూ నవ్విపోతారు. కాకపోతే ఏమేం అక్కర్లేదో షోరూంవాళ్లు గడగడా చెప్పేస్తారు. ఏమేం కావాలో చెప్పాల్సింది మాత్రం ఇంట్లో పెద్దవాళ్లే.

ముందు మంచి మాటే చెప్తాను. నీ తిరుగుడంతా ఎక్కడ? పిల్లాణ్ణి బడి దగ్గర దింపడం, మార్కెట్టు, బ్యాంకు, ఎప్పుడైనా స్టేషనుకెళ్లి మీ ఆయన్ని ఎక్కించుకు రావడం. ఎలమంచిలి మున్సిపాలిటీ అయితే అయింది గానీ, ఊళ్లో ఏ పనికైనా పది, పదిహేను నిమిషాల ప్రయాణమే. ఇంతమాత్రానికి గంటకి 25 కిలోమీటర్లు పోయే బండి చాలు. సాయంత్రం పూట మెయిన్ రోడ్డులో అంతకన్నా జోరుగా ఎవరు పోగలరు చెప్పు?

ఖర్చు లెక్క కూడా చూడు. 48 వోల్టులు, 28 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుందాం. రెండింటినీ హెచ్చవేస్తే 1,344 వాట్ అవర్లు. అంటే ఒక యూనిట్టూ, ఇంకో మూడో వంతూ. చార్జర్లో వేడి రూపంలో పోయేది కలుపుకున్నా రెండు యూనిట్లు దాటదు. ఒక్క చార్జింగుతో నీకు రెండు మూడు రోజులు గడిచిపోతాయి. లీటరు పెట్రోలు వంద దాటిన కాలంలో ఇది చిన్న ఆదా కాదు.

ఇక లైసెన్సు సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో బ్యాటరీ బండికి ఒక మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండాలి, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, పుణేలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ దాన్ని పరిశీలించి ధ్రువీకరించాలి. అప్పుడే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. అందుకే నంబరు ప్లేటూ, బీమా, లైసెన్సూ ఏదీ అడగరు. మొదటి రెండు షరతులూ అందరికీ నోటికొచ్చు. మూడోదే ఎవరూ ఎత్తరు. నువ్వు మాత్రం అడుగు. నువ్వు కొనే మోడలు పేరుతో ఉన్న సర్టిఫికెట్టు కాపీ చేతికిచ్చాకే అడ్వాన్సు కట్టు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు సర్టిఫికెట్టు కాదు.

బండి కొన్న నెలకో రెండు నెలలకో ఎవడో ఒకడు వచ్చి, ఫలానా వైరు తీసేస్తే నలభై, యాభై పోతుందక్కా అంటాడు. ఆ మాట వినకు. ఆ వైరు తీసిన క్షణం నుంచి అది నంబరు లేని, బీమా లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే పరిహారం నీ చేతి గాజులమ్మి కట్టాల్సి వస్తుంది. పైగా ఆ బ్రేకులూ, చక్రాలూ, ఫ్రేమూ నెమ్మదిగా పోయే బండికని చేసినవి. వేగం పెంచడం తేలికే, ఆగడమే కష్టం.

చట్టం ఒక బండిని తేలిగ్గా వదిలేస్తే, దానికి పెట్టే పరీక్షలు కూడా తేలిగ్గానే ఉంటాయి. దీనికి మన దేశం బండే ఉదాహరణ. బెంగళూరులో 2001లో రేవా అని చిన్న ఎలక్ట్రిక్ కారు అమ్మకానికొచ్చింది. అదే బండి జీ-విజ్ పేరుతో లండన్ వెళ్లింది. ఊళ్లోకి వచ్చే వాహనాల మీద వేసే రుసుము దానికి లేకపోవడంతో చాలామంది ముచ్చటపడి కొన్నారు. కానీ అక్కడ దాన్ని కారుగా కాక క్వాడ్రిసైకిల్‌గా లెక్కించారు, కాబట్టి కార్లకుండే ఢీ పరీక్షలు దానికి తప్పనిసరి కాలేదు. 2007లో ఒక మోటారు పత్రిక ఆ పరీక్ష చేయించి చూస్తే, లోపలున్న మనిషికి తీవ్రమైన గాయాలు తప్పవని తేలింది. ఊరి వేగానికని చేసిన బండిని పెద్ద రోడ్డు వేగంతో పరీక్షిస్తే అంతేగా మరి. దాని చోటు అది కాదు.

నా భయమంతా ఇక్కడే ఉంది తల్లీ. మన ఊరి చోటు అలాంటిది. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే పోతోంది. ఇటు కశింకోట మీదుగా అనకాపల్లి వెళ్లాలన్నా, అటు అడ్డరోడ్డు వెళ్లాలన్నా హైవే ఎక్కాల్సిందే. అచ్యుతాపురం రోడ్డు మీద కంపెనీ బస్సులూ, లారీలూ. ఒక్క లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకో. నువ్వు 25లో పోతున్నావు, వెనక లారీ 80లో వస్తోంది. తేడా 55. అంటే సెకనుకి పదిహేను మీటర్లు. నీకు వంద మీటర్ల వెనకున్న లారీ ఏడు సెకన్లు తిరక్కుండానే నీ మీదికి వచ్చేస్తుంది. ఆ ఏడు సెకన్లలో డ్రైవరు నిన్ను చూడాలి, నువ్వు నెమ్మదిగా పోతున్నావని గ్రహించాలి, బ్రేకు తొక్కాలి. చీకట్లోనో వానలోనో ఇవి మూడూ జరుగుతాయన్న నమ్మకం నాకు లేదు. అనకాపల్లిలో పనుంటే బస్సెక్కు, రైలెక్కు. నీకు అచ్యుతాపురంలో ఉద్యోగం వస్తే మాత్రం ఈ బండి మానేసి, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద బండి తీసుకో. ముందు లైసెన్సు తీసుకున్నాకే సుమా.

ఇక నాకు తెలిసిన విద్య, చార్జింగు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక పెద్దాయన, ఆ వెంటనే విజయవాడలో ఒక ఇంటాయన చనిపోయారు. రెండు చోట్లా బండి నుంచి తీసిన బ్యాటరీని ఇంట్లో చార్జింగు పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున అది పేలింది. ఆ ఏడాది దేశంలో వరసగా జరిగిన ప్రమాదాల తరవాత కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ ప్రమాణాన్ని కఠినం చేసింది. నీ బ్యాటరీ దానికి సరిపోయిందా అని అడిగి, అవునంటే బిల్లు మీద రాయించుకో.

ఇంటికొచ్చాక ఇంకొన్ని పద్ధతులు. బ్యాటరీని పడగ్గదిలో చార్జింగు పెట్టొద్దు. గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద అసలే వద్దు, మంటొస్తే బయటపడే దారి అదే కదా. వరండాలో, తడి తగలని చోట, ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్టు పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి లాగొద్దు. ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు, దానికయ్యే ఖర్చు దగ్గర బేరమాడకు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ చల్లబడ్డాకే ప్లగ్గు పెట్టు. బండితో ఇచ్చిన చార్జరే వాడు. రాత్రి పెట్టి పొద్దున తీయడం కాదు, నువ్వు మెలకువగా ఉండే వేళలో పెట్టి, నిండగానే తీసేయ్. బ్యాటరీ ఉబ్బినా, ఏదైనా వాసన వచ్చినా ఇంట్లోకి తేకుండా షోరూంవాళ్లకి కబురు చెయ్యి.

తక్కువ ధర బండ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటాయి. బరువెక్కువ, త్వరగా నీరసిస్తాయి. లిథియం ఖరీదెక్కువ, మన్నిక ఎక్కువ. ఏది కొన్నా కొత్త బ్యాటరీ సెట్టు ధరెంతో ముందే అడుగు. అది తెలియకపోతే బండి అసలు ధర తెలియనట్టే. వారంటీ కాగితం చదువు. బాగుచేసే మనిషి ఎలమంచిలిలో ఉన్నాడా, లేక ప్రతిసారీ విశాఖపట్నం పంపాలా కనుక్కో. వెనక మీవాణ్ణి ఎక్కించుకుని, ఎత్తున్న దారిలో ఒకసారి నడిపి చూడు. 250 వాట్లతో ఇద్దరి బరువూ మోస్తూ ఎత్తెక్కడం చిన్న పని కాదు. తుపాను రోజుల్లో మోకాలి లోతు నీళ్లలోకి మాత్రం దించకు.

చివరికి మీవాడి సంగతి. తొమ్మిదో తరగతి వాడికి ట్యూషనుకి ఇవ్వొచ్చు కదా అని అడిగావట. చట్టం అడ్డుపడకపోవచ్చు, నేను పడతాను. పద్నాలుగేళ్ల చేతికి సైకిలు ఇవ్వు. పద్దెనిమిది నిండాక లైసెన్సుతో బండి ఇవ్వు. నీ వెనక కూర్చున్నప్పుడు కూడా వాడికీ, నీకూ ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు ఉండాలి. ఈ బండికి బీమా తప్పనిసరి కాదు గనక బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రెండు లక్షలొస్తాయి. మీ ఆయన చేత కూడా కట్టించు.

సర్టిఫికెట్టు చూసి, బ్యాటరీ వివరం రాయించుకుని, ఎర్తింగు చేయించి బండి కొనుక్కో అమ్మడూ. ఊళ్లో హాయిగా తిప్పుకో. హైవే మాత్రం ఎక్కకు.

నీ మావయ్య