మధ్యలో నేను

సోమాజిగూడలో మా ఇంటి నుంచి అమీర్‌పేట మైత్రీవనానికి నడిస్తే అరగంట. తెలుగు జిల్లాలన్నిటి నుంచీ పిల్లలు అక్కడికొచ్చి జావా, డాట్‌నెట్ నేర్చుకుని అమెరికా దాకా వెళ్లారు. అంత దగ్గర్లో ఉండి కూడా నా భార్య యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా ఇంటర్నెట్ ముట్టలేదు. ఎవరైనా అడిగితే "ఆమెకు ఆసక్తి లేదు" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం.

జనం ఇంటర్నెట్‌లోకి ఎందుకొచ్చారంటే అందరం చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. 2016 సెప్టెంబరు 5న జియో మొదలై డేటా ఉచితంగా ఇచ్చింది. మా ఇంటికీ ఒక 4జి ఫోన్ వచ్చింది, నాకు. ఆ నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఏటీఎంల ముందు నిలబడలేక ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చుకున్నాను, నేనొక్కణ్ణే. 2020 లాక్‌డౌన్‌లో మందులు తెప్పించిందీ నేనే. చవక, అవసరం రెండూ మా గడప దాటి లోపలికొచ్చాయి. ఆమె దాకా మాత్రం వెళ్లలేదు.

వద్దని నేనెప్పుడూ అనలేదు. "ఓటీపీలు అడిగి డబ్బు లాగేస్తున్నారు, నీకెందుకు, నేనున్నానుగా" అనేవాణ్ణి. అందులో ప్రేమ ఉందనుకున్నాను, ఉంది కూడా. కానీ గ్యాస్ బుకింగ్ నుంచి మనవరాలి ఫోటో దాకా ప్రతిదానికీ ఆమె నన్ను అడగాలి. అలా అడగడం నాకు బాగుండేది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు నూటికి 26, 27 మందే. మగవాళ్లలో సగానికి పైనే. ఆ లెక్క చదివి, పాపం పల్లెటూళ్లు అనుకున్నాను. వయసు దాటిన నా భార్య ఆ లెక్కలోకే రాదు.

మా వదిన, అంటే ఆమె అక్క, భర్త పోయాక డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లింది. అక్కణ్ణుంచి వాట్సాప్‌లోనే మాట్లాడుతుంది, నా ఫోన్‌కి. ఒక పొద్దున నేను నడకలో ఉండగా ఆమె మాట రికార్డు చేసి పంపింది. "అయ్యా, చెల్లెను ఓపాలి మాట్లాడమను. రేపు మా ఆయన సంవత్సరికం." విన్నాను. ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను. దారిలో పాత మిత్రుడు కలిశాడు, తర్వాత బ్యాంకు పని, అలా మరిచిపోయాను. మూడో రోజు వదినే మళ్లీ ఫోన్ చేసింది. భర్త తిథి నాడు ఆమె పరాయి దేశంలో, చెల్లెలు ఫోన్ చేస్తుందేమోనని రాత్రంతా కూర్చుందట.

నా భార్య నన్ను తిట్టలేదు. అక్కతో మాట్లాడాక ఫోన్ నా చేతికిచ్చి "నాకు నా ఫోన్ కావాలె" అంది. ముప్పై అయిదేళ్ల కాపురంలో తన కోసం ఫలానాది కావాలని ఆమె అంత సూటిగా అడగడం నాకు గుర్తులేదు.

ఆమె ఇంటర్నెట్‌లోకి వచ్చింది ప్రపంచాన్ని తెలుసుకోవడానికి కాదు, పనులు సులువవుతాయనీ కాదు. తనకూ తన అక్కకూ మధ్య నేను లేకుండా ఉండటానికి. కొత్తవాళ్లను చేర్చడానికి ధర తగ్గించాలని, శిక్షణ ఇవ్వాలని పెద్దలు చెబుతుంటారు. అవీ కావాలి. అయితే ఇంట్లో ఒకరు అడ్డు నిలబడి, ఆ నిలబడటాన్ని సాయం అనుకుంటూ ఉంటే, ఏ ధరా ఆ అడ్డు తీయలేదు.

నేర్పుతానన్నాను. వద్దంది. మా మేడ మీద గదిలో ఉండి అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న అమ్మాయి నాలుగు సాయంత్రాల్లో నేర్పింది. అక్షరాలు కొట్టడం కాదు, మైకు గుర్తు నొక్కి మాట పంపడం. అంతకన్నా ముందు, ఫోన్‌కి తాళం పెట్టుకోవడం.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి అక్కచెల్లెళ్లు మాట్లాడుకుంటారు. నేను వరండాలో కూర్చుంటాను.

మీ ఇంట్లో కూడా ఇద్దరికి రావలసిన మాటలు ఒకరి ఫోన్‌కే వస్తుంటే, "ఆమెకు ఆసక్తి లేదు" అనే ముందు ఆమెను ఒక్కసారి అడగండి.