పాత బండియు, ఇచ్చిన మాటయు

గృహస్థుని నిద్రకు భంగము గలిగించు ప్రశ్నలన్నియు వేదాంతగ్రంథములలో నుండవు. ఆత్మ నిత్యమా, అనిత్యమా యని యెన్నడును విచారింపనివాడైనను, ఇంటిముందు నిలిచియున్న ముదిసిన కారును ఇంకొక యేడు నడపవలయునా, లేక దానిని విడిచి వేఱొకటి కొనవలయునా యని విచారింపక తప్పదు. ఇది కేవలము లెక్కల ప్రశ్న యని కొంద ఱందురు. పరువునకు సంబంధించిన ప్రశ్న యని మఱికొందఱు తలంతురు. నేనును చాలకాలము దీనిని లెక్కల ప్రశ్నగానే యెంచి, లెక్క వేసి, లెక్కలో నెగ్గితిని. నెగ్గిన పిమ్మట గాని ఆ లెక్కలో ఒక పద్దును విడిచిపెట్టితినని నాకు దెలియలేదు. ఆ పద్దును గూర్చియే యీ నాలుగు మాటలు.

లెక్క యిట్లు వేసితిని. నా కారు 2007 నాటిది. దానిని 2013లో మఱియొకరియొద్ద గొంటిని. 2023లో దాని మరమ్మతులకు రూ. 36,000 వ్యయమైనది. క్రొత్త కారునకై బ్యాంకులో రూ. 5,00,000 నూటికి సాలుకు 9.5 వడ్డీమీద అయిదేండ్ల గడువునకు తెచ్చినచో నెలవాయిదా సుమారు రూ. 10,500 అగును, అనగా ఏడాదికి రూ. 1,26,000. అయిదేండ్లలో వడ్డీ యొక్కటియే సుమారు రూ. 1,30,000. ఇంతచేసి కొన్న వస్తువు విలువ నిలుచునా? బీమావారు విలువ కట్టు పట్టికను చూచిన దెలియును: ఏడాది నిండులోపుననే నూటికి 15, అయిదవ యేడు నిండునప్పటికి నూటికి 50 తగ్గింతురు. కావున ముదిసిన బండికి ఏటేట చేయు మరమ్మతు క్రొత్తబండికి చెల్లించు వాయిదాలో మూడవవంతునకు మించనంతవఱకు పాతదే మేలని నేను నిర్ణయించుకొంటిని. ఈ లెక్కలో తప్పు లేదు. నేటికిని లేదనియే చెప్పుదును.

ఈ విషయమున జనులు సామాన్యముగా రెండు భ్రమలలో పడుదురు. మొదటిది, గడచిన వ్యయమును జూచి రాబోవు వ్యయమును నిర్ణయించుట. "మొన్ననే క్లచ్ ప్లేటు వేయించితిమి, ఇప్పుడు విడిచిన ఆ సొమ్మంతయు వ్యర్థము గదా" యనువాడు గతజలమునకు సేతువు గట్టుచున్నాడు. ఆ సొమ్ము బండిని ఉంచినను రాదు, విడిచినను రాదు. ఇకమీద ఎంత యగునన్నదే యిక్కడ ప్రశ్న. రెండవది, అరుగుదలను జరాలక్షణముగా భావించుట. టైర్లు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు ఏ బండికైనను అరిగిపోవును. వానిని మార్చవలసివచ్చిన మాత్రమున బండి ముసలిదైనదని యనరాదు. ఇంజను చమురును త్రాగుట, అడుగుచట్రమునకు త్రుప్పు పట్టుట, ఒకచోట బాగుచేసిన వారమునకే మఱియొకచోట తీగలు చెడుట, ఇవి నిజమైన ముదిమి గుఱుతులు. ఈ భేదము నెఱిగిన నమ్మకమైన మెకానిక్కు లభించుట గృహస్థునకు పెద్ద భాగ్యము.

ఇక పరువు మాట. వీధిలో నలుగురు క్రొత్తబండ్లు గొన్నారు గనుక మనమును గొనవలెననుట విచారింపదగిన వాదమే కాదు. పెండ్లిండ్లలో అప్పుచేసి విందు లిచ్చుటను ఖండించు మనము, అదే యప్పును వాకిట నిలువబెట్టి మురిసిపోవుట హాస్యాస్పదము. చట్టము సయితము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పజాలదు. సొంతబండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట పరీక్ష చేయించి అయిదేండ్ల కొకమాఱు పొడిగించుకొనవలెను. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుండి రూ. 600 ఉండగా రూ. 5,000 అయినది. పాతదానిని తుక్కునకిచ్చి ధ్రువపత్రము చూపి క్రొత్త సొంతబండి కొన్నవారికి వాహనపు పన్నులో నూటికి 25 వఱకు రాయితీ యిచ్చు ఏర్పాటును 2021 నాటి కేంద్ర నిబంధనలు గావించినవి. ఇవన్నియు తెలిసికొనదగినవే. కాని చట్టము బండి కదలుటకు కడపటి గడువును మాత్రమే చెప్పును. ఆ గడువులోపల మన ధర్మమేమో మనమే నిర్ణయించుకొనవలయును.

నా లెక్కలోని లోపము 2024 మే నెలలో ఒక ఉదయమున బయటపడినది. మా పొరుగున ఒక దుకాణపు గుమాస్తా కాపురముండెను. ఆయన కుమార్తె ఆ దినమున కాకినాడలో ఈఏపీసెట్ పరీక్ష వ్రాయవలసియున్నది. ఒక్క నిమిషము ఆలస్యమైనను లోనికి విడువని నిబంధన గల పరీక్ష యది. ఆయన ముందునాటి సాయంకాలమే ఆటో మాట్లాడి యుంచెను. ఆ సంగతి విని నేను, "ఆటో యెందుకండీ, వద్దని చెప్పివేయండి. నేను తీసికొనిపోయెదను గదా" అంటిని. ఆయన మొగమున కనబడిన కృతజ్ఞత నాకు హితవుగా నుండెను. వాటరు పంపు కారుచున్నదనియు, దూరప్రయాణములు వలదనియు మెకానిక్కు పదునైదు దినములకు ముందే హెచ్చరించిన సంగతి ఆ క్షణమున నాకు జ్ఞప్తికి రాలేదని చెప్పిన అసత్యమగును. జ్ఞప్తికి వచ్చినది. "పిఠాపురము నుండి కాకినాడకు ఎంతదూరము, ఒక్కనాటికి ఏమియు కాదు" అని నాకు నేనే నచ్చజెప్పుకొంటిని. క్లచ్చికి సొమ్ము పోసిన నెలలోనే మరల పంపునకు పోయుటకు మనసొప్పక, "వచ్చేనెల చూతము" అని యంతకుముందే వాయిదా వేసి యుంటిని.

సగము దారిలో ఉష్ణపు ముల్లు పైకెక్కినది. పిమ్మట మూతసందులనుండి ఆవిరి వెడలినది. బండిని ప్రక్కకు దీసి నిలిపితిని. కాగియున్న రేడియేటరు మూత తెఱవరాదు, చల్లారువఱకు వేచియుండవలెను. "ఇదిగో, పది నిమిషములలో కదలును" అని మూడుమాఱు లంటిని. మూడుమాఱులును కదలలేదు. వచ్చిన ఆటోలన్నియు పరీక్షకు పోవు పిల్లలతో నిండియుండెను. ఆ బాలిక నన్నొక్క మాటయు ననలేదు. చేతిగడియారమును జూచుకొనుచు హాల్‌టికెట్టును మడతలు పెట్టుచుండెను. తుదకు మోటారుసైకిలుమీద పాలు పోసి తిరిగివచ్చుచున్న పెద్దమనిషి యొకడు క్యానులను మా బండికడ దించి, ఆ బాలికను ఎక్కించుకొనిపోయెను. తలుపులు మూయుటకు కొద్ది నిమిషముల ముందు ఆమె లోనికి బోయినదని పిమ్మట దెలిసినది. ఆ పాలకాపు రాకయున్నచో ఒక పేద తండ్రి కుమార్తెకు ఒక సంవత్సరము పోయెడిది. నాకు పంపు ఖర్చు మిగిలెడిది.

నాడు రోడ్డుప్రక్కను పాలక్యానులకు కాపలా గూర్చుండి చాలసేపు విచారించితిని. పాతబండి నడపుట నా తప్పా? కాదు. దరిద్రమునకును, పొదుపునకును సిగ్గుపడ నక్కఱలేదు. బండి చెడుట తప్పా? యంత్రము చెడుట దాని స్వభావము. తండ్రి కుదుర్చుకొన్న ఆటోను వలదనిపించి, మోయజాలదని నే నెఱిగిన బండిమీద అంత బరువైన మాటను మోపుట నా తప్పు. నా పొదుపునకు వెల నేను చెల్లించినంతవఱకు అది పొదుపు. ఇతరులచేత చెల్లింపజేసిననాడు అది లోభము. నా లెక్కలో నేను విడిచిపెట్టిన పద్దు ఇదియే.

ఈ దృష్టితో జూచిన, పాతబండి దోషములు మూడు తెఱగులుగ నేర్పడును. కిటికీ దిగకుండుట, చల్లనిగాలి రాకుండుట మొదలగునవి మన సుఖమునకు మాత్రమే భంగకరములు. వీనిని ఎంతకాలమైనను సహింపవచ్చును, ఒకవిధముగ సహించుటయే మేలు. ఎప్పుడు నిలుచునో తెలియని దోషములు మనయం దితరులుంచిన నమ్మకమునకు భంగకరములు. వీనిని వెంటనే బాగుచేయింపవలెను, చేయించునంతవఱకు ఆ బండిమీద ఎవ్వరికిని మాట యీయరాదు. బ్రేకు, స్టీరింగు, త్రుప్పుపట్టిన చట్రము, వీని దోషములు ప్రాణములకే భంగకరములు. దారిన పోవు అపరిచితుని ప్రాణముకూడ వీనిలో చేరియున్నది. ఇట్టిదానిని ఒక్కదినమైనను నడుపుటకు ఏ లెక్కయు అనుమతి నీయదు. కావున బండిని మార్చవలసిన కాలమేదన్న, దాని వయస్సు నిండినప్పుడు గాదు, మరమ్మతు వెల కొంత దాటినప్పుడును గాదు. ఎంత బాగుచేయించినను, మన బాధ్యతలు మననుండి కోరు మాటలను దానిని నమ్మి యీయజాలమని తేలినప్పుడు. ఇంట గుండెజబ్బు మనిషి యున్నవానికి ఈ కాలము త్వరగా వచ్చును. సంతకు మాత్రమే పోవువానికి పదేండ్లు ఆలస్యముగా వచ్చిన రావచ్చును.

"చేత సొమ్ములేని గృహస్థునకు ఈ ధర్మోపన్యాస మేల? అతడేమి చేయవలెను?" అని యెవరైన నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అతనికి రెండు మార్గములు గలవు. మొదటిది సత్యము. "మా బండి నమ్మదగినది గాదు, ఆటో మాట్లాడుకొనుడు" అని చెప్పుటకు కాసు ఖర్చు లేదు. కొంత బిడియము మాత్రము చంపుకొనవలెను. రెండవది, పాతబండి నడచుచున్నంతకాలము నెలకు కొంత సొమ్ము, రెండువేలైనను, వేఱుగ నుంచుట. అట్లు చేసినవాడు రేపు బ్యాంకునకు చెల్లింపవలసిన వడ్డీని నేడు తనకు తానే చెల్లించుకొనుచున్నాడు. తాహతునకు మించిన ఋణమునకు మాత్రము దిగరాదు. నెలవాయిదా యనగా అఱువది మాఱులు నిలుపుకొనవలసిన మాట. ఒక మాట తప్పుదునేమో యన్న భయముతో, తప్పక తప్పు అఱువది మాటలను బ్యాంకు కాగితముమీద వ్రాసియిచ్చుట వివేకము గాదు. అందువలననే మధ్యమార్గము పెక్కుమందికి తగియున్నది: అయిదారేండ్ల బండిని, మొదటి యజమానుడు సగము విలువను గోల్పోయిన పిమ్మట, మన మెకానిక్కు చేత పరీక్ష చేయించి కొనుట. నేను తుదకు చేసినదియు నిదియే.

మమకార మొకటి మిగిలియుండును. నా చిన్నకుమార్తెను ఆసుపత్రినుండి ఇంటికి దెచ్చినది ఆ బండిలోనే. కాని మిలిందరాజునకు నాగసేనుడను భిక్షువు బోధించిన సంగతి నేను తరగతిలో పిల్లలకు చెప్పియున్నాను: ఇరుసు రథము గాదు, చక్రము రథము గాదు, వీనిని విడిచి వేఱుగ రథమును లేదు, రథమన్నది వ్యవహారమునకై పెట్టిన పేరు. క్లచ్చి మార్చి, రేడియేటరు మార్చి, సీట్లు మార్చిన పిమ్మట నా కుమార్తెను దెచ్చిన బండిలో నేమి మిగిలినది? నేను ప్రేమించినది ఇనుమును గాదు, ఆ దినమును. ఆ దినమును ఏ తుక్కుకొట్టును కొనలేదు.

అమ్మకమునాడు మఱల పరీక్ష వచ్చినది. పాతబండ్ల బేరమున అమ్మువానికి దెలిసిన లోపము కొనువానికి దెలియదు. అందువలన మంచిబండి సయితము చెడ్డబండి ధరకే పోవునని అమెరికా దేశపు అర్థశాస్త్రజ్ఞుడు జార్జి ఎకర్లాఫ్ 1970లో ఒక వ్యాసము వ్రాసెను. అచ్చటివారు లోపముగల కారును నిమ్మకాయ యందురు. ఆ పేరే ఆ వ్యాసమునకు ప్రసిద్ధి దెచ్చినది. 2001లో ఆయన మఱి యిరువురతో గలిసి నోబెల్ బహుమానము నందెను. మా దళారికి ఆ వ్యాసముతో పనిలేకయే ఈ తత్త్వము దెలియును. "మాస్టారూ, ఇంజనులో చిక్కని ఆయిలు పోయిద్దాము, పొగ కనబడదు. పంపు సంగతి ఎత్తకండి. అఱువది వేలు ఇప్పించే పూచీ నాది" అనెను. కొనుటకు వచ్చినవాడు కరెంటు పని చేసికొను యువకుడు. ఎందులకని యడుగగా, గర్భవతియైన భార్యను నెలనెల ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అనెను.

ఆ మాట వినగానే నాకు రోడ్డుప్రక్కను హాల్‌టికెట్టును మడతపెట్టుచున్న చేతులు జ్ఞప్తికి వచ్చినవి. నేను నిలుపలేని మాటను అతనిచేత అతని భార్యకు ఇప్పించుటకు నాకు నోరు రాలేదు. ఉన్న లోపములన్నియు చెప్పితిని. అతడు నమస్కరించి వెడలిపోయెను, దళారి కోపించెను. రెండువారములకు పిమ్మట షెడ్డువాడే విడిభాగములకై రూ. 32,000 ఇచ్చి తీసికొనెను. ఇంట చెప్పినప్పుడు మా ఆవిడ క్షణకాల మూరకుండి, "పోనీలెండి. ఆ అబ్బాయి భార్య ఎప్పుడైనా వీధిలో ఎదురుపడితే తల దించుకోనక్కఱలేదు" అనెను. ఇరువది యెనిమిది వేలు మాకు చిన్నమొత్తము గాదని ఆమెకు నాకంటె బాగుగ దెలియును.

వాహనము పాతదగును, క్రొత్తది వచ్చును, అదియు పాతదగును. నేడు నేను నడుపు బండియు నొకనాడు ముల్లు పైకెక్కించును. అప్పుడు మరల లెక్క వేయుదును. లెక్క వేయక తప్పదు. కాని యీసారి మొదటి పద్దుగా వ్రాసికొనునది మరమ్మతు వెల గాదు. ఈ బండిని నమ్మి నేనెవరికి ఏ మాట యిచ్చియున్నాను, ఆ మాట నిలుచునా, అని వ్రాసికొందును.