దయకు నిలుకడ

మిత్రులొకరు ఉద్యోగ విరమణానంతరము తమ పొలమును, కూడబెట్టిన సొమ్మును ధర్మసంస్థకు వ్రాసి అనాథ బాలబాలికలకొక గృహము కట్టింపవలెనని సంకల్పించిరి. లెక్క చూడగా ఆదాయము పదిమంది బిడ్డలకు మాత్రమే చాలును. “పదకొండవ బిడ్డను ఎవరైన వాకిట విడిచిపోయినచో నేనేమి చేయుదును? వైష్ణవుడనై పొమ్మనగలనా?” అని నన్నడిగిరి. వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని.

శరణన్నవానిని విడువరాదనుట మన సంప్రదాయమునకు ప్రాణము. సుగ్రీవుడు వలదన్నను శ్రీరామచంద్రుడు విభీషణునకు అభయమొసగెను. ఆ కథ విన్న చెవులకు రాబడి లెక్కలు దయలేని మాటలుగనే తోచును. అయినను, ఇదే చిక్కు పూర్వము లండను నగరమున ఎట్లు పరిణమించినదో పాఠకులు వినదగును.

థామస్ కోరమ్ అను నౌకాధిపతి, వీధులలో విడువబడి మరణించుచున్న శిశువులను చూచి సహింపలేక, 17 సంవత్సరములు గొప్పవారి గడపలు త్రొక్కి, 1739లో రాజశాసనము పొంది ఫౌండ్లింగ్ హాస్పిటల్ అను శిశుసంరక్షణ గృహమును స్థాపించెను. 1741లో తొలి శిశువులు చేరిరి. చోటు స్వల్పము, వచ్చు తల్లులు అనేకులు. అందుచే 1742 నుండి ఒక సంచిలో రంగు బంతులుంచి తల్లులచేత తీయించిరి. తెల్లబంతి వచ్చినచో బిడ్డకు ప్రవేశావకాశము. నల్లబంతి వచ్చినచో ఆ తల్లి బిడ్డను ఎత్తుకొని వెనుదిరుగవలసినదే. తలచినంతనే గుండె బరువెక్కును.

1756లో పార్లమెంటు ధనమిచ్చి, వచ్చిన ప్రతి శిశువును చేర్చుకొనవలెనని నియమించెను. ద్వారమున ఒక బుట్ట వెలసెను. మొదటి దినముననే 117 మంది వచ్చిరి. 1760 నాటికి సుమారు 15,000 మంది. దూరగ్రామములనుండి మోసికొనివచ్చిన పసికందులు పలువురు అప్పటికే కొనయూపిరితో నుండిరి. మొత్తము మీద మూడింట రెండువంతులు మరణించిరి. పార్లమెంటు చేయి వెనుకకు తీసికొనెను.

నల్లబంతి క్రూరమా, బుట్ట క్రూరమా? తీర్పు చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. బుట్ట వలన బ్రదికినవారును వేలకొలది కలరు గదా! కాని వాకిలి తెరచుట ఒక్కటే అభయము కాదు. శ్రీరాముడు విభీషణుని చేర్చుకొని ఊరకుండలేదు; ఆ కడలి ఒడ్డుననే లంకారాజ్యమునకు అభిషిక్తుని చేయించెను. రేపటి భారమును గూడ తలకెత్తుకొన్నపుడే అభయము పూర్తియగును.

మన పెద్దలు దీని నెరుగుదురు. అఖండదీపము నిలుపగోరినవారు ఒకనాటి నేయిగాక ఆవులను, గొఱ్ఱెలను ఆలయమున కిచ్చెడివారు. మంద తరుగకుండ కాచి, నేయి కొలువవలెను. 10వ శతాబ్దిలో సామవై అను పల్లవరాణి తిరుమలలో వెండి భోగశ్రీనివాసమూర్తిని సమర్పించుచు, ఉత్సవములకు భూములను గూడ ఒసగెను. లండను గృహమును తరువాత నిలిపినదియు భూమియే. చుట్టునున్న నేలపై ఇండ్లు లేచి, వాని అద్దె పిల్లలకు అన్నమయ్యెను.

ఇక మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఇట్టి గృహమును తప్పక నమోదు చేయింపవలెను. దొరికిన బిడ్డను 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట ఉంచవలెను. బిడ్డకు కుటుంబమే మొదటి నీడ, ఆశ్రమము చివరిది. అనాథలనబడు బిడ్డలలో తల్లి బ్రదికియుండియు, పేదరికము వలన దూరమైనవారును కలరు.

ఇవన్నియు మిత్రులతో చెప్పితిని. వారు పొలము అమ్మరాదని దస్తావేజులో వ్రాయించిరి. పంటలో కొంతభాగము, బిడ్డలను తమకడనే ఉంచుకొనగోరు పేదతల్లులకు కేటాయించిరి. పదిమందికి గదుల కొలతలు వేయించి, వాకిటి ప్రక్కన మరియొక చిన్నగది గీయించిరి. అందు ఒక ఊయల, పాలు కాచుటకొక పొయ్యి, రాత్రి మేలుకొనియుండు ఒక ఆయమ్మ.